టెన్త్ చదువుతూ సంఘ చరిత్ర క్లాస్ పూర్తి చేశా - నా అనుభవం

మాది గుంటూరు, లూథరన్ చర్చి. ఏ చర్చో వద్దులెండి. మా దగ్గర హైస్కూల్ పిల్లలకి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ చరిత్ర క్లాస్ ఉంటది, పోయినేడాది టెన్త్ లో ఉండగా నేను చేశా. ఈ జూన్ లో చేరబోయే వాళ్ళ అమ్మలు మా అమ్మని పట్టుకుని ఒకటే అడగడం, ఏం అడుగుతారు, ఎంత చదవాలి, టెన్త్ తో పాటు కుదురుద్దా అని. అందుకే ఒకేసారి రాసేస్తున్నా.

సండే స్కూల్ లాగా ఉంటదనుకుని మాత్రం రాకండి. కంఠత వాక్యాలు, యాక్షన్ సాంగ్స్, క్రిస్మస్ డ్రామా ఇవేం ఉండవు. మా సర్ గవర్నమెంట్ స్కూల్లో సోషల్ చెప్పి రిటైర్ అయిన మనిషి. మొదటి రోజే ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెట్టి ఇంట్లో సంతకం చేయించుకు రమ్మన్నారు. హాజరు, ఫోన్ బయట బుట్టలో పెట్టడం, లాంగ్ నోట్‌బుక్, ఇవన్నీ మామూలే. కింద రాసినవే అసలు సంగతి. ఏ మాట చెప్పినా అది ఎక్కడిదో చెప్పాలంట. వేరే సంఘం వాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళు పక్కనే కూర్చుని వింటున్నారనుకుని మాట్లాడాలంట, మనవాళ్ళు చేసిన చెడ్డ పని వచ్చినా పేజీ తిప్పెయ్యకూడదంట. మా నాన్న చదివి "ఇది చర్చి క్లాసా లా కాలేజా" అని నవ్వి సంతకం పెట్టేశాడు, అమ్మ మాత్రం "టెన్త్ లో ఇదంతా అవసరమా" అని వారం రోజులు గొణిగింది.

నోట్‌బుక్ గురించి చెప్పాలి, ఎందుకంటే సర్ మిమ్మల్ని కొలిచేది దాంతోనే. ఎడమ పేజీలో ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది. కుడి పేజీలో ఈ సంగతి మనకి ఎవరు చెప్పారు, వాళ్ళు అప్పుడు అక్కడ ఉన్నారా, వాళ్ళకి దీంట్లో లాభమేమైనా ఉందా. ఎడమ పేజీ ఎవరైనా నింపేస్తారు, 313 లో మిలాన్ శాసనం, 325 లో నైసియా సభ, 451 లో కల్సెదోను సభ, 1054 లో తూర్పు పడమర సంఘాలు విడిపోవడం, గైడ్ చూసి దించితే అయిపోయిద్ది. కుడి పేజీ ఖాళీగా ఉంటే మాత్రం సర్ ఏం అనరు, ఎర్ర పెన్ను క్యాప్ తీసి పేజీ మధ్యలో చిన్న ప్రశ్న గుర్తు ఒకటి పెట్టి నోట్‌బుక్ వెనక్కి ఇచ్చేస్తారు, అంతే, తిట్టినా బాగుండేది అనిపిస్తది.

నైసియా అప్పుడు మా క్లాసులో ఒకబ్బాయి లేచి "సర్, రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్ అక్కడ ఓటింగ్ పెట్టి బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో తేల్చాడంట కదా" అన్నాడు. యూట్యూబ్ లో చూశాడంట. సర్ కాదనలేదు అవుననలేదు, ఆ సభ చేసిన తీర్మానాలు ఇరవై మనకి దొరుకుతున్నాయి, చదివి చెప్పు అన్నారు. వాడు వచ్చే ఆదివారం పాపం మొత్తం చదువుకొచ్చాడు, బిషప్పులని ఎట్లా నియమించాలి, హింసలో విశ్వాసం వదిలేసి మళ్ళీ వచ్చినోళ్ళని ఎట్లా చేర్చుకోవాలి ఇట్లాంటివే ఉన్నాయి, పుస్తకాల లిస్టు ఎక్కడా లేదు. అసలు గొడవంతా అరియస్ అనే బోధకుడు చెప్పినదాని మీద, కుమారుడు అంటే యేసు సృష్టించబడినవాడా కాదా అని. కొత్త నిబంధన 27 పుస్తకాలూ వరసగా కనపడేది 367 లో అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ రాసిన ఈస్టర్ ఉత్తరంలో, అది కూడా ఆయన ఎప్పటినుంచో సంఘాల్లో చదువుతున్న వాటినే రాశాడు. ఈ అథనాసియస్‌ని ఐదుసార్లు అలెగ్జాండ్రియా నుంచి వెళ్ళగొట్టారంట, నాకైతే మొత్తం సిలబస్ లో ఈయనే హీరో.

అక్టోబర్ చివర్లో రిఫార్మేషన్ ఆదివారం వస్తది కదా, చర్చిలో పెద్ద పండగ, మా సంఘానికి పేరు ఎవరి మీద వచ్చిందో ఆ మార్టిన్ లూథర్ గురించి గొప్పగా ప్రసంగం. అదే రోజు క్లాసులో సర్ 1517 లో లూథర్ రిఫార్మేషన్ మొదలుపెట్టడం గురించి పది నిమిషాల్లో ముగించేసి, 1525 లో రైతులు తిరగబడితే లూథర్ వాళ్ళని చంపమని ఎట్లా రాశాడో, 1543 లో యూదుల మీద ఎంత ఘోరంగా రాశాడో చదివించారు. మా పక్క పిల్ల మొహం మాడిపోయింది. "ఆయన మన తాతలాంటోడు సర్, ఇవన్నీ ఎందుకు" అంది. "తాత ఆస్తి తీసుకుంటావు కదమ్మా, అప్పు కూడా చూసుకోవాలి" అన్నారు సర్. ఈ సంగతి బయటకి పొక్కి ఒకరిద్దరు పెద్దలు అయ్యగారి (మా పాస్టర్) దగ్గరకెళ్ళి కంప్లైంట్ కూడా చేశారు, అయ్యగారు సర్ పక్కనే నిలబడ్డారు, అది బాగా నచ్చింది నాకు.

గుణదల మేరీమాత గుడికి, అది కేథలిక్కులది, వేసిన ట్రిప్ గురించి ఎక్కువ చెప్పను. బెజవాడ వెళ్ళే ముందు ప్రతి ఒక్కరూ అక్కడి ఫాదర్ ని అడగాల్సిన ప్రశ్నలు రాసుకోవాలి, "మీరు మేరీని ఎందుకు పూజిస్తారు" అని గుచ్చే టైప్ ప్రశ్నలు సర్ ముందే కొట్టేస్తారు. 1924 లో ఫాదర్ ఆర్లాటి అక్కడ మాత విగ్రహం పెట్టించడం, ఫిబ్రవరి తిరునాళ్ళకి హిందువులు కూడా వచ్చి తలనీలాలు ఇవ్వడం ఇవన్నీ ఆ ఫాదర్ చాలా ఓపిగ్గా చెప్పారు. 1999 అక్టోబర్ 31 న లూథరన్లు, కేథలిక్కులు విశ్వాసం వల్ల నీతిమంతులవడం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారని ఆయనే గుర్తుచేస్తే మాలో సగం మందికి అది కొత్త.

ఇక ప్రాజెక్ట్. డిసెంబర్ లోపు మీ ఇంటివాళ్ళు సంఘంలోకి ఎట్లా వచ్చారో రాసుకురావాలి. నాన్న వైపు ఈజీ, లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జులై 31 న గుంటూరు రావడం, తర్వాత పల్నాడు వెళ్ళడం, 1883 లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చి ఆడవాళ్ళకి వైద్యం మొదలుపెట్టడం, 1885 లో ఏసీ కాలేజీ, ఇవన్నీ ఊళ్ళో కళ్ళముందే ఉన్నాయి. చిక్కంతా అమ్మ వైపు. వాళ్ళది ఒంగోలు దగ్గర, బాప్టిస్టులు. మా అమ్మమ్మని అడిగితే "ధాత కరువులో క్లౌ దొర కాలవ పని ఇప్పించి మనల్ని బతికించాడమ్మా, అప్పుడే కలిశాం" అని చెప్పింది. నేను అట్లాగే రాసుకెళ్తే సర్ చదివి, అయితే గింజల కోసం కలిశారా అని ఎవరన్నా అంటే ఏం చెప్తావు, అన్నారు.

కోపం వచ్చింది నిజంగా. కానీ అడగాల్సిన ప్రశ్నే అది, బయట రోజూ ఎవరో ఒకరు అనేదే. తర్వాత చదివా. ధాత కరువంటే 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు, బకింగ్‌హామ్ కాలవలో కొంత ముక్క తవ్వే కాంట్రాక్ట్ బాప్టిస్ట్ మిషనరీ క్లౌ తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కానీ ఆ పని నడిచినన్నాళ్ళూ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు, కూలి కోసం వచ్చారంటారని. పని ఆగాక 1878 జులై 3 న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది తీసుకున్నారు, ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మాలు ఇచ్చింది కూడా దొర కాదు, తెలుగు బోధకులే. కరువుకి పదేళ్ళ ముందే, 1866 లో, యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన తనంతట తానే వచ్చి బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి చెప్పాడు. మా అమ్మమ్మకి క్లౌ దొర ఫొటో తెలుసు, పేరయ్య పేరు తెలీదు. ఇది నాకు చాలా బాధేసింది, ఎందుకంటే దారి వేసింది ఆయన.

ఇదంతా ఎడమ పేజీ. కుడి పేజీలో, ఇందులో ఎక్కువ క్లౌ స్వయంగా రాసుకున్నదే అని, ఆ రోజు నీళ్ళలోకి దిగినోళ్ళు ఏం అనుకున్నారో వాళ్ళ మాటల్లో మనకి దొరికేది చాలా తక్కువ అని రాశా. మొదటిసారి ఎర్ర ప్రశ్న గుర్తు పడలేదు.

కులం గురించి కూడా క్లాసులో దాపరికం ఉండదు. మన సర్టిఫికెట్ మీద బీసీ-సి అని ఎందుకు ఉంటది, హిందువుగా ఉన్న మా పెదనాన్న వాళ్ళకి ఎస్సీ అని ఎందుకు ఉంటది అని ఒకమ్మాయి అడిగితే, సర్ ఎస్సీ గుర్తింపుని మతంతో ముడిపెట్టిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దగ్గర్నుంచి చెప్పారు, ఇది కూడా సంఘ చరిత్రే రాసుకోండి అన్నారు. చర్చిలో బల్లల దగ్గర ఎవరు ఎక్కడ కూర్చునేవాళ్ళో కూడా ఇంట్లో పెద్దోళ్ళని అడగమన్నారు. కొంతమంది ఇళ్ళల్లో చెప్పలేదు.

చివర్లో వైవా, ఫిబ్రవరిలోనే పెట్టేస్తారు, మార్చిలో బోర్డ్ ఎగ్జామ్స్ కదా. అయ్యగారు, సర్, ఒక సంఘ పెద్ద కూర్చుంటారు. నన్ను ఆ పెద్దాయన కరువు గురించే అడిగాడు, నేను రెండు వైపులా చెప్తుంటే మధ్యలో "అంటే మిషనరీలని అనుమానిస్తున్నావా" అన్నాడు. లేదండీ, ఆయన రాసిందీ చదవాలి, ఆయన రాయనిదీ వెతకాలి అన్నా. ఆయనకి నచ్చలేదు, మొహంలోనే తెలిసిపోయింది. అయినా పాసే, ఆయన ఒప్పుకోకపోతే ఫెయిల్ చెయ్యరు, భయపడకండి.

టెన్త్ తో కుదురుద్దా అంటే కుదురుద్ది, ఆదివారం సాయంత్రం ఒక గంట నోట్‌బుక్ కి పెడితే చాలు, ట్యూషన్ వాళ్ళు సండే టెస్ట్ పెడితే మాత్రం ముందే సర్ కి చెప్పుకోండి, వింటారు. ప్రాజెక్ట్ దసరా సెలవల్లోనే మొదలెట్టండి, క్రిస్మస్ నెల వచ్చాక ఏ అమ్మమ్మా ఖాళీగా దొరకదు. అడిగేటప్పుడు ఫోన్ లో రికార్డ్ చేసుకోండి, చెవుడు ఉంటే చిన్నాన్ననో మేనమామనో పక్కన కూర్చోపెట్టుకోండి. మా తమ్ముడు ఈ ఏడాది చేరుతున్నాడు, నా నోట్‌బుక్ ఇమ్మని ఇప్పటికే గొడవ. ఎడమ పేజీలు ఫొటో తీసి ఇచ్చా, కుడివి ఇవ్వలేదు.