ప్రపొజిషన్ 34 దగ్గర ఇరుక్కుపోయాను

సిటిజన్‌షిప్ వచ్చాక కాలిఫోర్నియాలో నా మొదటి ఓటు 2024 నవంబరులో. బ్యాలెట్ అక్టోబరులోనే ఇంటికి వచ్చింది. అధ్యక్షుడి ఓటు రెండు నిమిషాల పని. ఆ తర్వాత రాష్ట్రానికి సంబంధించి పది ప్రపొజిషన్లు, అంటే జనం యెస్ లేదా నో అని తేల్చాల్సిన ప్రతిపాదనలు. 1911 నుంచి ఇక్కడ జనమే నేరుగా ఓటేసి చట్టాలు చేసుకోవచ్చు. స్కూళ్ళ బాండ్లు, గంటకు 18 డాలర్ల కనీస వేతనం లాంటివి ఓటర్లకు పంపే గైడ్ చదివితే తెలిసిపోయాయి.

34 మాత్రం నన్ను ముంచింది. కొన్ని వైద్య సంస్థలు మందుల మీద వచ్చే ఆదాయాన్ని ఖర్చుపెట్టే తీరుకు కట్టడి అని బ్యాలెట్ మీద ఒక్క ముక్క ఉంది. రోగుల సొమ్ము రోగులకే వెళ్ళాలి కదా అని యెస్ దిద్దేశాను. కవరు అంటించి సంతకం కూడా పెట్టాను.

ఆ రాత్రి గైడ్‌లో వ్యతిరేకుల వాదన చదివాక మనసు మనసులో లేదు. మెలిక అంతా ఆ 'కొన్ని' అన్న మాటలోనే ఉంది. ఆ సంస్థ పదేళ్ళలో 10 కోట్ల డాలర్లకు పైగా వైద్యం కాని పనులకు ఖర్చుపెట్టి ఉండాలి. దానికి అద్దె ఇళ్ళు ఉండాలి, వాటిలో 500కు పైగా తీవ్రమైన లోపాలు బయటపడి ఉండాలి. అలాంటి సంస్థే ఆ మందుల ఆదాయంలో 98 శాతం రోగుల మీద ఖర్చు చేయాలట. ఆ కొలతలకు సరిపోయేది ఒకే ఒక్క సంస్థ అని, అద్దెల నియంత్రణ కోసం 33ను తెచ్చింది అదేనని అప్పుడు తెలిసింది. 34కు డబ్బు పెట్టింది అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం.

ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్న మా వారి స్నేహితుడికి ఫోన్ చేశాను. "ఇవన్నీ మనకెందుకమ్మా, ఏదో ఒకటి దిద్దెయ్" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. మా నాన్న చదివింది ఏడో తరగతి. నీటి సంఘం మీటింగులో ఏ తూముకు ఎన్ని రోజులు నీళ్ళివ్వాలో ఇంజనీరుతో వాదించి ఒప్పించేవారు. అక్కడ ప్రశ్న ఆయనకు తెలిసిన మాటల్లో ఉండేది. ఇక్కడ ఆకుకు అందకుండా పోకకు పొందకుండా రాసి, జనానికి విధానాలు అర్థం కావు అంటే నేను ఒప్పుకోను.

మర్నాడు వోట్ సెంటర్‌కి వెళ్ళి ఆ కవరు అప్పగించి కొత్త బ్యాలెట్ తీసుకున్నాను. పది నిమిషాల్లో అయిపోయింది. ఈసారి నో దిద్దాను. మీరు కూడా ప్రతి ప్రపొజిషన్‌కి డబ్బు ఎవరు పెట్టారో ముందు చూడండి. టీవీ ప్రకటనలు నమ్మకండి. తేలకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చు, మిగతా ఓట్లు చెల్లుతాయి.

33ను దాదాపు 60 శాతం మంది వద్దన్నారు. 34 మాత్రం 51 శాతం కూడా రాకుండానే గట్టెక్కింది. ఆ అన్నయ్యకు మళ్ళీ ఫోన్ చేసి 34కు ఏం దిద్దారని అడిగాను. గుర్తు లేదన్నారు.