దమ్ము గుంజు కాకా

సంక్రాంతి సెలవుకు హనుమకొండ వచ్చిన నాలుగో రోజు రాయికల్ నుంచి ఫోన్. "బిడ్డా, రేపు మీ ఇంటికొస్తున్న. సకినాలు తెస్తున్న." గొంతు వినగానే నవ్వొచ్చింది. మస్కట్‌లో ఈ కాకను నెలకు పైగా రోజూ చూశాను, గొంతు మాత్రం ఆఖరి వారంలోనే విన్నాను. అంతవరకు మెడకు రంధ్రం చేసి శ్వాస కోసం పెట్టిన ట్రకియాస్టమీ గొట్టం, దానికి వెంటిలేటర్.

నేనక్కడ ఐసీయూలో ఫిజియోథెరపిస్టును. ఇక్కడ ఆ మాట చెబితే మోకాళ్ల నొప్పులు చూస్తాననుకుంటారు. మా మేనత్త ప్రతిసారీ మోకాలు చూపిస్తుంది, నేనూ చూస్తాను.

కాక నిమోనియాతో వచ్చాడు. అది తగ్గింది. జ్వరం లేదు, ఎక్స్‌రే బాగుంది. మెషీన్ తీస్తే మాత్రం పది నిమిషాలకే చెమటలు, ఎగశ్వాస. ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే డయాఫ్రమ్ కండరమే గాలిని లోపలికి లాగుతుంది. ఆ పని మెషీన్ చేసిపెడుతుంటే అది చిక్కిపోతుంది. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, 18 నుంచి 69 గంటలు పూర్తిగా మెషీన్ మీదే ఉన్నవాళ్ల డయాఫ్రమ్ నారలు సగానికి పైగా సన్నబడ్డట్టు తేలింది. మూడు రోజులు కూడా నిండలేదు. కాకకు అప్పటికి 19 రోజులు.

మా దగ్గర దీనికి అరచేతిలో పట్టే ప్లాస్టిక్ గొట్టం ఒకటుంది. లోపల స్ప్రింగ్, దానికో మూత. తిప్పి బిగించిన కొద్దీ స్ప్రింగ్ గట్టిపడుతుంది. అంతకు మించిన బలంతో లాగితేనే మూత తెరుచుకుని గాలి వస్తుంది. వెంటిలేటర్ తీసి దీన్ని తగిలించి ఆరు శ్వాసలు, మళ్లీ మెషీన్ మీద విశ్రాంతి. ఇలా ఐదుసార్లు, రోజుకొక్కమారు. ఆరో శ్వాస కష్టం మీద పూర్తయ్యేంత వరకే బిగించాలి. మత్తులో ఉన్నవాళ్లతో కుదరదు, మనిషి మాట వినాలి.

వినడం దగ్గరే వచ్చింది చిక్కు. "బ్రీత్ ఇన్" అన్నాను. మలయాళీ సిస్టర్ హిందీలో చెప్పింది. కాక బయటికి ఊదాడు. ఫైల్‌లో పాస్‌పోర్టు కాపీ చూస్తే జగిత్యాల జిల్లా! తెలుగులోకి మారాను, అదీ పుస్తకాల తెలుగు: "శ్వాస లోపలికి తీసుకోండి." ఛాతీ కొంచెం లేచింది, మూత కదల్లేదు. కళ్లలో భయం. నాకూ టెన్షన్. చివరికి మా తాత బాయికాడ అరిచే మాటే నోటికొచ్చింది.

"దమ్ము గుంజు కాకా! చేదబాయిల బొక్కెన గుంజినట్టు, ఒక్కపెట్టున!"

మూత సుయ్‌మని తెరుచుకుంది. కాక నా వైపు చూసి, శబ్దం లేకుండా పెదాలు కదిపాడు: "ఏ ఊరు?" ఓరుగల్లు అని చెప్పి రెండో దమ్ము గుంజించాను.

స్ప్రింగ్ బిగింపు గొట్టం మీది 9 అంకె దగ్గర మొదలైంది, రెండు వారాలకు 21. మెషీన్ లేకుండా గంట, నాలుగు గంటలు, తర్వాత రాత్రంతా. ఈ గొట్టం వల్లే బయటపడ్డాడని ఒట్టేసి చెప్పలేను. 2011లో ఫ్లోరిడా వాళ్లు ప్రచురించిన పరీక్షలో, ఈ కసరత్తు చేసిన 35 మందిలో 25 మంది వెంటిలేటర్ నుంచి బయటపడ్డారు, ఉత్తుత్తి కసరత్తు చేసిన 34 మందిలో 16 మంది. కసరత్తు చేసినా బయటపడని ఆ పదిమంది లాంటివాళ్లు నాకూ తగిలారు. వాళ్ల ఇళ్ల నుంచి ఫోన్లు రావు.

మాట వచ్చే వాల్వ్ పెట్టిన రోజు కాక మొదట అన్నది ఇదీ: "బీడీ గుంజినట్టు అంటే ఇంకా జల్ది సమజయ్యేది గద బిడ్డా." ఐసీయూలో ఆ పోలిక ఎలా వాడను!

మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మర్నాడు మెట్ల మలుపులో అడుగుల చప్పుడు ఆగింది. నేను గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాను, అలవాటు కదా. ఆరు దమ్ములకు మళ్లీ అడుగులు.

టీ తాగుతూ అడిగాను, "మళ్ల పోతవా కాకా?"

"ఏజెంటు అప్పు తీరలే." చొక్కా కాలర్ పక్కకు లాగి మెడ చూపించాడు. "వీసా మెడికల్‌ల ఈ మచ్చ జూసి ఆపుతరా బిడ్డా?"