బిల్లు రాయలేని గింజలు నేను అమ్మను

మా నర్సంపేట వైపు రోహిణి కార్తె రాగానే విత్తనాల దుకాణం నడిపే వాళ్లందరికీ ఒకటే టెన్షన్. రైతు వచ్చి గొంతు తగ్గించి "అన్నా, బీజీ త్రీ ఉన్నదా?" అని అడుగుతాడు. గడ్డి మందు కొట్టినా చావని పత్తి అది. కాయతొలుచు పురుగు కోసం తెచ్చిన బీజీ-2 పత్తికి 2006లోనే అనుమతి వచ్చింది కానీ దీనికి కేంద్రం అనుమతి ఇవ్వలేదు, అయినా ఊళ్లల్లో దొరుకుతూనే ఉంటుంది.

లేదని చెప్పడం సులువేం కాదు. వానలు పట్టుకుంటే కలుపుకు కూలీలు దొరకరు, దొరికినా ఎకరం తీయించేసరికి చేతిలో పైసలు అయిపోతాయి, కాబట్టి అడిగే రైతు లెక్క ఆయనకు కరెక్టే. పైగా నేను లేదంటే పక్క దుకాణానికి పోతాడు, ఎరువులు కూడా అక్కడే తీసుకుంటాడు.

అయినా అమ్మను. చట్టం సంగతి ఒకటి, కానీ నన్ను ఆపేది బిల్లు. ఆ ప్యాకెట్‌కు బిల్లు ఉండదు, లోపల ఏ గింజ ఉందో అమ్మేవాడికీ తెలియదు. లాట్ నంబరుతో బిల్లు ఉంటే మొలక రాకపోయినా, కాయ పట్టకపోయినా వ్యవసాయాధికారి దగ్గరికి పోవచ్చు, వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. బిల్లు లేకుండా అమ్మితే ఆ దారిని నేనే మూసినట్టు. అదీగాక సగం మంది ఉద్దెర మీద తీసుకుపోతారు. పంట పోయిన ఏడు ఆ బాకీ కోసం ఏ ముఖం పెట్టుకుని వాళ్ల వాకిట్లో నిలబడాలి?

అందుకే లేదని పంపించేయకుండా కూర్చోబెట్టి చెబుతాను: విత్తిన ఒకటి రెండు రోజుల్లో, నేల తడి మీదున్నప్పుడే కలుపు మొలవకుండా ఆపే పెండిమిథాలిన్ మందు కొట్టు, తర్వాత గుంటుక తోలు, కూలీల ఖర్చు చాలా తగ్గుతుంది. కొందరు వింటారు.

చట్టం అడ్డురాని చోట ఇంకా కష్టం. గులాబీ రంగు పురుగు కాయలోకి పోయాక పైన మూడు మందులు కలిపి కొట్టినా పెద్దగా లాభం లేదని తెలుసు, కానీ ఆ మూడు డబ్బాల మీదే కంపెనీ టార్గెట్ ఉంటుంది. నేను ముందే మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టుకోమంటాను, వాటి మీద నాకు మిగిలేది తక్కువే.

మన మండలంలో దుకాణం నడిపే అన్నలు ఇది చదువుతుంటే ఒక్క మాట. నేనొక్కడినే లేదంటే రైతు పక్క దుకాణానికి పోతాడు, అంతే. ఈసారి సరుకు దించుకోకముందే అందరం ఒక పూట కూర్చుందాం, ఎక్కడికి రమ్మన్నా వస్తాను.