కాక్‌పిట్‌లో తెలిసిన సంగతి నిర్ణయం దాకా చేరనప్పుడు

విమాన ప్రమాదంపై దర్యాప్తు నివేదిక వెలువడగానే మా వృత్తిలో చాలామందిమి ముందుగా చివరి పేజీలు తిప్పి, కారణం ఏమని తేల్చారో చూస్తాం. పైలట్ పొరపాటు అని అక్కడ ఉంటే, అలాంటి పొరపాటు నేను చేయనులే అన్న ధీమా మనసులో ఎక్కడో కలుగుతుంది. ఆ ధీమా కలిగాక ఆ నివేదిక మనకు ఇక ఏమీ నేర్పలేదు. దర్యాప్తు ఉద్దేశం ప్రమాదాలను నివారించడమే తప్ప నిందను ఎవరి మీదా మోపడం కాదని అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందంలోని 13వ అనుబంధం చెబుతోంది. రాసేవారికి పెట్టిన ఆ నియమాన్ని చదివేవారమూ పాటించాలని నా అభిప్రాయం.

ప్రాణనష్టం జరిగిన ప్రమాదాల నివేదికలు చదువుతూ వచ్చిన కొద్దీ నాకు ఒక విషయం గట్టిపడుతూ వచ్చింది. విమానాన్ని కాపాడగలిగే సమాచారం చాలాసార్లు ఆ విమానంలోనే ఉంది. ఎవరో ఒకరికి తెలుసు, లేదా ఏదో ఒక పరికరం చెబుతూనే ఉంది. అది నిర్ణయం తీసుకునే వ్యక్తికి సమయానికి, నిర్ణయం మార్చుకునేంత స్పష్టంగా అందలేదు.

1978 డిసెంబరు 28న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173వ నంబరు విమానం 189 మందితో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో దిగబోతూ చక్రాలు దించినప్పుడు, పెద్ద చప్పుడు వచ్చి విమానం ఒక పక్కకు మళ్లింది. తుప్పు పట్టిన కడ్డీ ఒకటి తెగిపోవడంతో కుడివైపు చక్రాలు ఒక్కసారిగా కిందికి జారాయి. అవి సరిగా లాక్ అయ్యాయో లేదో తేల్చుకోవడానికీ, ప్రయాణికులను అత్యవసర ల్యాండింగ్‌కు సిద్ధం చేయించడానికీ కెప్టెన్ విమానాన్ని దాదాపు గంటసేపు విమానాశ్రయానికి చేరువలోనే తిప్పారు. ఇంకో పదిహేను నిమిషాలకు లెక్క వేయమని ఆయన అడిగినప్పుడు, పదిహేను నిమిషాలంటే ఇంధనం బాగా తగ్గిపోతుందని ఫ్లైట్ ఇంజనీర్ చెప్పారు. ఆ మాట రికార్డర్‌లో స్పష్టంగా వినిపిస్తుంది. కెప్టెన్ మనసంతా చక్రాల మీద ఉంది కనుక ఆయనకు అది ఒక అంకెలా వినిపించి ఉంటుంది, చెప్పిన ఇంజనీర్‌కు మాత్రం అది హెచ్చరిక. వెంటనే రన్‌వే వైపు తిరగాలి, ఫలానా నిమిషం దాటితే ఇంజన్లు ఆగిపోతాయి అని ఆ ముగ్గురిలో ఎవరూ అనలేదు. ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి, విమానం రన్‌వేకు సుమారు ఆరు మైళ్ల ఇవతల చెట్ల మధ్య కూలింది. మండటానికి ట్యాంకుల్లో ఇంధనం లేదు కాబట్టి మంటలు లేవలేదు. పదిమంది చనిపోయారు. ఇంధనం గురించి చెప్పిన ఆ ఇంజనీర్ కూడా వారిలో ఒకరు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి కెప్టెన్‌ను తప్పుపట్టింది. దానితోపాటు, మిగిలిన ఇద్దరూ పరిస్థితి తీవ్రతను పూర్తిగా గ్రహించలేదనో, గ్రహించినా తమ ఆందోళనను ఆయనకు తెలిసేలా చెప్పలేకపోయారనో కూడా పేర్కొంది. ఈ రెండో అంశం నుంచే సిబ్బంది పరస్పర సహకారంపై ఇచ్చే శిక్షణ, మేము సీఆర్ఎం అని పిలుచుకునేది, విమానయాన సంస్థల్లోకి వచ్చింది.

దీనికి ఏడాది తొమ్మిది నెలల ముందే, 1977 మార్చి 27న, స్పెయిన్‌కు చెందిన టెనరీఫ్ ద్వీపంలో పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు 747 విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. ఈ ప్రమాదం గురించి చెప్పేటప్పుడు, టేకాఫ్‌కు పరుగు మొదలుపెట్టిన కేఎల్ఎం విమానంలోని ఫ్లైట్ ఇంజనీర్ ప్రశ్ననే అందరూ ప్రస్తావిస్తారు. పాన్ అమెరికన్ విమానం రన్‌వే ఖాళీ చేయలేదా అని ఆయన అడిగారు, చేసిందని కెప్టెన్ గట్టిగా జవాబిచ్చారు, విమానం పరుగు ఆపలేదు. నేను మాత్రం అంతకుముందు జరిగిన దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. కెప్టెన్ ఇంజన్ల శక్తిని పెంచే థ్రాటిల్స్ ముందుకు తోసినప్పుడు, ఇంకా అనుమతి రాలేదని ఫస్ట్ ఆఫీసర్, అంటే కుడివైపు సీటులోని కో-పైలట్, ఆపారు. కెప్టెన్ ఆగి, అడగమన్నారు. కంట్రోలర్ నుంచి వచ్చింది, బయలుదేరాక అనుసరించాల్సిన మార్గానికి అనుమతి మాత్రమే. టేకాఫ్‌కు ఇంకా అనుమతి లేదు. కెప్టెన్ మళ్లీ బయలుదేరినప్పుడు ఫస్ట్ ఆఫీసర్ రెండోసారి ఆపలేదు. విమానయాన సంస్థలో శిక్షణ విభాగానికి అధిపతి అయిన వ్యక్తిని ఒకే నిమిషంలో రెండుసార్లు సరిదిద్దడం ఎంత కష్టమో కుడివైపు సీటులో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ ప్రమాదం తర్వాత టేకాఫ్ అనే పదాన్ని, అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప కంట్రోలర్లు వాడకూడదనే నియమం వచ్చింది. భాషను సరిచేయడం నియమంతో కుదిరింది. రెండోసారి నోరు తెరిచే ధైర్యాన్ని నియమం ఇవ్వలేదు, దాన్ని శిక్షణ ద్వారా అలవాటు చేయాల్సిందే.

1989 జనవరి 8న ఇంగ్లండ్‌లో కెగ్‌వర్త్ దగ్గర కూలిన బోయింగ్ 737-400లో ఎడమ ఇంజన్ దెబ్బతింటే పైలట్లు కుడి ఇంజన్‌ను ఆపేశారు. కుడి ఇంజన్‌లో సమస్య ఉందని కెప్టెన్ మైకులో ప్రకటించినప్పుడు, ఎడమవైపు నిప్పురవ్వలు చూసిన ప్రయాణికులు ఉన్నారు. అది కాక్‌పిట్ దాకా చేరలేదు, 47 మంది చనిపోయారు. ఇక్కడ గమనించాల్సిన విషయం మరొకటి ఉంది. కుడి ఇంజన్‌ను ఆపే క్రమంలో ఇంజన్ల శక్తిని తనంతట తానే సర్దే ఆటోథ్రాటిల్ తీసేయడం వల్ల ఎడమ ఇంజన్‌కు వెళ్లే ఇంధనం తగ్గింది, దాంతో పొగా ప్రకంపనలూ తగ్గాయి. తాము చేసింది సరైన పనేనని పైలట్లకు రుజువు దొరికినట్లయింది. తప్పు నిర్ణయం తీసుకున్న వెంటనే పరిస్థితి మెరుగుపడితే, ఆ నిర్ణయాన్ని మళ్లీ ప్రశ్నించేవారు చాలా అరుదు.

2009 జూన్ 1న అట్లాంటిక్‌లో పడిన ఎయిర్ ఫ్రాన్స్ 447లో ఇదే చిక్కు ఇంకా కఠినంగా ఎదురైంది. వేగం కొలిచే గొట్టాల్లో మంచు చేరడంతో ఆటోపైలట్ విడిపోయింది. విమానం నడుపుతున్న కో-పైలట్ ముక్కు పైకెత్తి విమానాన్ని స్టాల్‌లోకి, అంటే రెక్కలు విమానాన్ని మోయలేని స్థితిలోకి, తీసుకెళ్లారు, పడుతున్నంతసేపూ దాదాపు అలాగే పట్టుకున్నారు. స్టాల్ హెచ్చరిక 75 సార్లు మోగింది. వేగం మరీ పడిపోయినప్పుడు కొలతలను లెక్కలోకి తీసుకోని కంప్యూటర్ హెచ్చరికను ఆపేసేది. ముక్కు దించితే, అంటే సరైన పని చేస్తే, అది మళ్లీ మోగేది. ఆ విమానంలో పైలట్లు విమానాన్ని నడిపే రెండు స్టిక్‌లూ ఒకదానితో ఒకటి కలిసి కదలవు కనుక పక్కవారు ఏం చేస్తున్నారో రెండో పైలట్ చేతికి తెలియదు. స్టిక్‌ను ఇంతసేపూ వెనక్కే లాగి పట్టుకున్నానని ఆ కో-పైలట్ నోట వచ్చేసరికి నిమిషం కూడా మిగల్లేదు. 228 మందిలో ఎవరూ బతకలేదు. నేను ఏ స్థితిలో స్టిక్‌ను పట్టుకున్నానో ముందే పైకి చెప్పడం అనే చిన్న అలవాటును నేను ఈ నివేదిక చదివాకే పాటించడం మొదలుపెట్టాను.

అన్నీ చెప్పకపోవడం వల్లనే జరగలేదు. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది మరణించిన ప్రమాదంలో, ఫస్ట్ ఆఫీసర్ గో అరౌండ్ అని, అంటే దిగడం మాని మళ్లీ పైకి లేవాలని, మూడుసార్లు అన్నారు. అంతకంటే స్పష్టమైన మాట మా భాషలో లేదు. కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయి, విమానం దిగే సమయానికి లేచినవారు. వదలని నిద్రమత్తు ఆయన నిర్ణయశక్తిని దెబ్బతీసి ఉండవచ్చని దర్యాప్తు వివరించింది. మాట సరిపోని చోట చేయి ముందుకు రావాలి, కంట్రోల్ తీసుకోవాలి. ఇది చెప్పడం తేలిక. ఇరవై, ముప్పై సెకన్లలో పెద్దవారి చేతిలోంచి విమానాన్ని తీసుకోవడం ఎవరికీ సహజంగా వచ్చే పని కాదు.

సమాచారం చేరినప్పుడు ఏమవుతుందో 1989 జూలై 19న అమెరికాలోని సూ సిటీలో కనిపించింది. తోక దగ్గరి ఇంజన్ పగిలి విమానాన్ని తిప్పే భాగాలను కదిలించే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయిన డీసీ-10 విమానాన్ని కెప్టెన్ ఆల్ హేన్స్ బృందం రెండు ఇంజన్ల శక్తిని పెంచుతూ తగ్గిస్తూ రన్‌వే దాకా తెచ్చింది. ప్రయాణికుడిగా ఉన్న డెనిస్ ఫిచ్ అనే శిక్షకుడు సాయం చేస్తానంటే హేన్స్ ఆయనను కాక్‌పిట్‌లోకి పిలిచి థ్రాటిల్స్ అప్పగించారు. 296 మందిలో 184 మంది బతికారు. తాము ఇంత చేయగలిగింది సీఆర్ఎం శిక్షణ వల్లనేనని హేన్స్ తర్వాత ఎన్నోసార్లు చెప్పారు.

చేరని సమాచారం ఒక్కోసారి విమానం బయట కూడా ఉంటుంది. 1974 డిసెంబరు 1న, ఎంత కిందికి దిగవచ్చన్న విషయంలో అపోహపడి అమెరికాలోని వర్జీనియాలో కొండను ఢీకొన్న టీడబ్ల్యూఏ 514లో 92 మంది మరణించారు. దానికి కొద్ది వారాల ముందు అదే చోట, అదే అపోహతో మరో సంస్థ విమానం తృటిలో తప్పించుకుంది. ఆ హెచ్చరిక ఆ సంస్థ గడప దాటలేదు. పేరు బయటపెట్టకుండా ఇలాంటివి రాసి పంపే వ్యవస్థను నాసా 1976లో నెలకొల్పింది. తృటిలో తప్పిన ఘటనను రాసి పంపడం తోటి పైలట్ల పట్ల మన బాధ్యతగా నేను చూస్తాను.

నివేదిక చదివేటప్పుడు కాక్‌పిట్ సంభాషణ ఉన్న పేజీ మీద ఒక కాగితం పెట్టి, ఒక్కో వాక్యం మాత్రం కనిపించేలా కిందికి జరుపుతాను. ఆ క్షణంలో వారికి ఏం తెలుసు, నేనైతే ఆ మాటను ఎవరితో ఎలా అనేవాణ్ణి అని ఆలోచించాకే తర్వాతి వాక్యం చూస్తాను. శిక్షణలో కూడా కుడివైపు సీటులో ఉన్నవారితో, ఇంధనం తక్కువగా ఉంది అనిపించను. ఇన్ని నిమిషాలకు సరిపడా ఉంది, ఫలానా సమయానికి రన్‌వే వైపు తిరగాలి అనిపిస్తాను. కెప్టెన్ స్థానంలో ఉన్నవారు, అంతా బాగానే ఉంది కదా అని అడగకూడదు. ఏం గమనించారు అని అడగాలి. గో అరౌండ్ అన్న రెండో పిలుపుకూ జవాబు రాకపోతే ఫస్ట్ ఆఫీసర్ కంట్రోల్ తీసుకునే అభ్యాసాన్ని సిమ్యులేటర్‌లో చేయించేటప్పుడు, జవాబివ్వవద్దని కెప్టెన్ పాత్రధారికి ముందే రహస్యంగా చెప్పి ఉంచాలి. ఎదుటివారికి తెలిసిపోతే చేయి ముందుకు సాగడానికి పట్టే ఆ రెండు, మూడు సెకన్ల తటపటాయింపు బయటపడదు, దాన్ని సరిదిద్దే అవకాశమూ పోతుంది.