చారలు లేని అక్షింతల పురుగు

మా మిద్దెతోటలో చిక్కుడు తీగకి పేనుబంక (రసం పీల్చే సన్నటి పురుగులు) పట్టినా నేను మందు కొట్టను. దాన్ని తినే అక్షింతల పురుగులు (లేడీబర్డ్‌లు) వచ్చేదాకా ఓపిక పడతాను. ఈ చలికాలం అవి వచ్చాయి, గుడ్లు పెట్టాయి, పిల్లపురుగులు పేనుబంకని ఆబగా తిని, తోక చివర ఆకుకి అంటించుకుని ప్యూపాలయ్యాయి, అంటే రెక్కల పురుగుగా మారే ముందు దశకి చేరాయి. ప్యూపాని కదిలిస్తే చటుక్కున పైకి లేచి మళ్ళీ వాలుతుంది. చీమల్లాంటివి దగ్గరికి రాకుండా దానికున్న ఉపాయం అదే.

మొన్న ఆదివారం నీళ్ళు పోస్తుంటే అత్తయ్య పిలిచారు. "ఇదేదో కొత్త పురుగమ్మా, పసుపుగా ఉంది, తీసెయ్యనా?" అని. చూస్తే ఖాళీ ప్యూపా తొక్కని పట్టుకుని ఓ పురుగు. తల, మెడ దగ్గర నల్లగానే ఉంది కానీ వీపు మాత్రం లేత పసుపు. ఒక్క చుక్క లేదు, చార లేదు. "ఉండనివ్వండి అత్తయ్యా, ఇది మనదే" అన్నాను.

పనులన్నీ పక్కన పెట్టి అక్కడే కూర్చున్నాను. పై రెక్కలు ఇంకా తడిగా, మెత్తగా ఉన్నాయి. వాటి కింది నుంచి పల్చటి లోపలి రెక్కలు వెనక్కి సాగి ఆరుతున్నాయి. అవి ఆరాక మడతపెట్టి లోపలికి లాక్కుంది, ఎంత నేర్పుగానో! కాసేపటికి వీపు నడిమి గీత మసకగా కనిపించింది. తర్వాత రెండు పక్కలా మెలికలు తిరిగిన చారలు, ముందు బూడిద రంగులో, ఆ తర్వాత ముదురుతూ. సాయంత్రానికి నల్లగా తేలాయి. చారల వెనకున్న వీపు రంగు మాత్రం ఇంకా పసుపే. అది నారింజలోకి తిరగడానికి రోజులు పడుతుంది. గట్టిపడుతున్న కొద్దీ మెలనిన్ అనే నల్లటి రంగుపదార్థం చేరి నలుపు వస్తుంది. ఎరుపు, నారింజ ఛాయలు కెరోటినాయిడ్లనే రంగుపదార్థాల వల్ల వస్తాయి.

చుక్కలు లెక్కపెట్టి పురుగు వయసు చెప్పొచ్చని చిన్నప్పుడు విన్నాను. అది నిజం కాదు. ఆ మొదటి రోజు ఏ గుర్తులు వస్తాయో, చచ్చేదాకా అవే.

వంకాయ మొక్క మీద మాత్రం జాగ్రత్తగా ఉంటాను. ఈ కుటుంబంలోనే ఆకు తినే రకం ఒకటుంది, ఇరవై ఎనిమిది చుక్కలది. కొత్తగా బయటికొచ్చినప్పుడు అదీ చుక్కల్లేకుండా పసుపుగానే ఉంటుంది. అందుకే పురుగుని కాకుండా ఆకుని చూస్తాను. ఆకు ఈనెలకి నడుమనున్న పచ్చదనమంతా గీకేసి జల్లెడలా ఉంటే దాన్ని ఏరేస్తాను. పేనుబంక ఉంటే ముట్టుకోను.