ముందు ఆ నేల ఎవరిదో చూడండి

ఇక్కడ అమెరికాలో నేషనల్ పార్కుకి వెళ్దామనుకుంటే క్యాంప్‌గ్రౌండ్లు నెలల ముందే నిండిపోతాయి. సైట్ దొరక్కపోతే మన వాళ్ళు చాలామంది హోటల్ తీసుకుంటారు, లేదా ట్రిప్పే మానేస్తారు. పార్కు గేటు బయట పైసా కట్టకుండా టెంటు వేసుకోవచ్చంటే "పోలీసులు పట్టుకోరా?" అని అడుగుతారు.

పట్టుకోరు. ఫెడరల్ ప్రభుత్వ భూముల్ని చూసుకునే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, అదే బీఎల్ఎం చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాలున్నాయి. నేషనల్ ఫారెస్టుల్ని చూసే ఫారెస్ట్ సర్వీస్ కింద ఇంకో 19.3 కోట్లు. వద్దని చెప్పిన చోట్లు తప్పిస్తే చాలావరకు ఉచితంగా ఉండొచ్చు, ఒకే చోట మామూలుగా 14 రోజుల వరకు. దీన్నే డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. కుళాయి, బాత్రూమ్, చెత్తడబ్బా ఏవీ ఉండవు.

అందరూ ఐఓవర్‌ల్యాండర్ లాంటి, క్యాంప్ చేసినవాళ్ళు జాగాలు గుర్తుపెట్టే యాప్ తెరిచి పిన్ వెతుకుతారు. నేనూ చూస్తాను, కానీ ఆఖర్న. ఎందుకంటే రివ్యూ పాతదై ఉంటుంది, ఈలోపు రూల్ మారిపోతుంది. కాలిఫోర్నియాలోని అలబామా హిల్స్‌లో ఒకప్పుడు ఏ బండరాయి పక్కన పడితే ఆ బండరాయి పక్కన ఉండేవాళ్ళు. ఇప్పుడు గుర్తుపెట్టిన సైట్లలోనే ఉండాలి, ఉచితమే అయినా పర్మిట్ కావాలి. యూటాలోని మోయాబ్ చుట్టుపక్కల కూడా చాలాచోట్ల గుర్తుపెట్టిన సైట్లలోనే ఉండాలి.

అందుకే నేను ముందు చూసేది ఆ నేల ఎవరిదని. గాయా, ఆన్‌ఎక్స్ లాంటి మ్యాప్ యాపుల్లో భూమి ఎవరిదో రంగుల్లో తెలుస్తుంది. బీఎల్ఎం మామూలుగా పసుపు, ఫారెస్ట్ ఆకుపచ్చ, ప్రైవేటుది తెలుపు. అరిజోనాలో స్టేట్ ట్రస్ట్ ల్యాండ్ అని, రాష్ట్రం చేతిలో ఉన్న నేల ఇంకోటి ఉంటుంది. చూడ్డానికి పక్కనున్న బీఎల్ఎం నేలలాగే ఉంటుంది కానీ దానికి విడిగా పర్మిట్ తీసుకోవాలి.

ఫారెస్ట్ అయితే, ఏ రోడ్ల మీద బండి నడపొచ్చో చూపే ఫారెస్ట్ సర్వీస్ వాళ్ళ మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ చూడాల్సిందే. ఉచితం. చూస్తే నిద్రొచ్చే మ్యాపు, కొండల్లేవు, రంగుల్లేవు. కానీ కొన్ని రోడ్లకి రెండు పక్కలా చుక్కలుంటాయి. అక్కడ రోడ్డు దిగి బండి పెట్టుకుని క్యాంప్ చేయొచ్చని అర్థం. ఎంత దూరం లోపలికి వెళ్ళొచ్చో ఆ షీటు మీదే రాసి ఉంటుంది. చుక్కల్ని పట్టుకుని శాటిలైట్ వ్యూలోకి వెళ్తే, చెట్ల మధ్య పక్కకి తిరిగిన టైరు దారి, దాని చివర బోసిగా ఉన్న కాస్త జాగా కనిపిస్తాయి. అదే సైట్.

గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్ బయట, టుసాయన్ పక్కనే ఉన్న కైబాబ్ ఫారెస్ట్‌లో మేం ఇలాగే వెతుక్కున్నాం. మెయిన్ మట్టిరోడ్డు మన సెడాన్‌కి చాలు. చిన్న రోడ్ల మొదట్లో సన్నటి నంబరు పలక ఉంటుంది. నంబరు అడ్డంగా ఉంటే మామూలు కారు వెళ్తుంది, అంకెలు ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉంటే నేలకి ఎత్తుగా ఉండే బండి ఉన్నవాళ్ళకే. నిలువు నంబరు చూడగానే మా ఆయన స్టీరింగ్ తిప్పేశారు. కొంచెం ముందుకెళ్తే పెద్ద పైన్ చెట్ల కింద పాత రాళ్ళ పొయ్యి, చుట్టూ గట్టిపడిన నేల. ఎవరో ఇంతకుముందు ఉన్న చోటే ఎంచుకోవడం మంచిది, కొత్త నేల పాడవదు. 6,600 అడుగుల ఎత్తు కాబట్టి రాత్రి చలి మాత్రం మామూలుగా లేదు.

వెలుతురుండగానే చేరండి. చీకట్లో ఎండిన వాగు కూడా చదునైన మంచి జాగాలా కనబడుతుంది, ఎడారిలో ఎక్కడో కురిసిన వాన అందులోకే వస్తుంది. బాత్రూమ్ టెన్షన్ ఉన్నవాళ్ళకి: చిన్న పార ఒకటి కొనండి, నీళ్ళకి 200 అడుగుల దూరంలో, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంట తవ్వండి. మంట విషయం ఆ వారమే రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. కాలిఫోర్నియాలో ఇలాంటి చోట గ్యాస్ స్టవ్‌కి కూడా క్యాంప్‌ఫైర్ పర్మిట్ కావాలి, ఆన్‌లైన్‌లో ఉచితంగా వస్తుంది.

న్యూజెర్సీలో ఉన్న మా చెల్లి "మాకేం లేవా?" అని గొడవ. అటువైపు బీఎల్ఎం నేల దాదాపు లేనట్టే, ఆ రాష్ట్రంలో నేషనల్ ఫారెస్ట్ కూడా లేదు. వర్జీనియాలో జార్జ్ వాషింగ్టన్, వెస్ట్ వర్జీనియాలో మొనాంగహేలా ఫారెస్టులున్నాయి. లాంగ్ వీకెండ్‌కి అటు డ్రైవ్ చేయమన్నాను.