రెండో రోజు మాత్ర

కీమో ఎక్కించిన రోజు కంటే ఆ తర్వాత రెండో రోజూ మూడో రోజూ వికారం ఎక్కువ ఏడిపిస్తుంది. ఈ సంగతి తెలియక మొదటి సైకిల్ (మొదటి విడత కీమో) తర్వాతి ఉదయం "బాగానే ఉన్నాను కదా" అని వాంతులు రాకుండా ఇచ్చిన మాత్ర పక్కన పెట్టేశాను. సాయంత్రానికి మంచినీళ్లు కూడా నిలవలేదు. రొమ్ము క్యాన్సర్‌కు నాకు ఇచ్చినవి మొదట డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ జంట, మూడు వారాలకొకసారి చొప్పున 4 సైకిళ్లు. తర్వాత వారం వారం పాక్లిటాక్సెల్, 12 వారాలు. ఒకే కుర్చీ, ఒకే సెలైన్ స్టాండు. వికారం మాత్రం రెండింటికీ పోలికే లేదు.

పోలిక లేకపోవడానికి కారణం ఉంది. కీమో మందులన్నీ ఒకేలా కడుపులో తిప్పవు. నివారణ మందు ఏదీ ఇవ్వకపోతే 100 మందిలో 90 మందికి పైగా వాంతులు తెప్పించేవి మొదటి వర్గం. సిస్‌ప్లాటిన్, నాకిచ్చిన ఈ జంట అందులోవే. 30 నుంచి 90 మందికి తెప్పించేవి మధ్యస్థం: ఆక్సాలిప్లాటిన్, ఇరినోటెకాన్ వంటివి. పాక్లిటాక్సెల్, డోసెటాక్సెల్ 10 నుంచి 30 వర్గంలోకి వస్తాయి. వింక్రిస్టిన్, బ్లియోమైసిన్ అంతకంటే కిందివి. "మీ కీమో కాస్త స్ట్రాంగు" అన్న మాట దేనికీ పనికిరాదు, మందు పేరు అడిగి తెలుసుకోవాలి. జుట్టు ఊడిపోయే మందు వాంతులూ తెప్పిస్తుందనుకోవడమూ పొరపాటే. పాక్లిటాక్సెల్‌కు జుట్టంతా పోతుంది, తిండి మాత్రం చాలామందికి సహిస్తుంది.

మందుతో పాటు మనిషిని బట్టి కూడా ఉంటుంది. ఆడవాళ్లకు, 50 ఏళ్ల లోపు వాళ్లకు, బస్సెక్కితే కడుపులో తిప్పేవాళ్లకు, వేవిళ్లు గట్టిగా పట్టినవాళ్లకు ఎక్కువ. మద్యం బాగా అలవాటున్నవాళ్లకు తక్కువ. అన్యాయంగా ఉంది కానీ నిజం. ఇవన్నీ మొదటి సైకిల్‌కు ముందే డాక్టరుతో చెప్పాలి, ఆయన అడగకపోయినా.

లోపల జరిగేదేమిటంటే, కీమో తగలగానే పేగు గోడలోని కొన్ని కణాలు సెరటోనిన్‌ను వదులుతాయి. వేగస్ నాడి ఆ కబురును మెదడు అడుగుభాగంలోని వాంతి కేంద్రానికి చేరవేస్తుంది. మొదటి 24 గంటల వాంతుల్లో దీనిదే పెద్ద పాత్ర. ఆ తర్వాత 5వ రోజు దాకా ఎక్కువగా పనిచేసేది మెదడులో సబ్‌స్టెన్స్ పి అనే మరో పదార్థం. దారులు రెండు కాబట్టి తాళాలూ రెండు కావాలి. ఒండాన్‌సెట్రాన్, గ్రానిసెట్రాన్, పాలోనోసెట్రాన్ మొదటి దారికి. అప్రెపిటెంట్, ఫోసాప్రెపిటెంట్ రెండో దారికి. వీటికి తోడు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, ఓలాంజపిన్. మొదటి వర్గం కీమోకు ఇప్పుడు సాధారణంగా ఈ నాలుగు రకాలూ కలిపి ఇస్తారు.

నా చీటీలో ఉన్న క్రమం ఇది. కీమోకు గంట ముందు అప్రెపిటెంట్ 125 మిల్లీగ్రాములు. అర గంట ముందు సెలైన్‌లో పాలోనోసెట్రాన్ 0.25 మిల్లీగ్రాములు, డెక్సామెథాసోన్ 12 మిల్లీగ్రాములు. రెండో రోజు, మూడో రోజు ఉదయం అప్రెపిటెంట్ 80 చొప్పున. డెక్సా 20 బదులు 12 ఎందుకంటే, అప్రెపిటెంట్ కాలేయంలో డెక్సా విరిగిపోకుండా అడ్డుకుని రక్తంలో దాని మోతాదును దాదాపు రెట్టింపు చేస్తుంది. కొన్నిచోట్ల అప్రెపిటెంట్ క్యాప్సూల్స్ బదులు ఫోసాప్రెపిటెంట్ 150 మిల్లీగ్రాములు ఒక్కసారే సెలైన్‌లో ఎక్కిస్తారు. అలా ఎక్కిస్తే ఇంట్లో వేసుకోవాల్సిన క్యాప్సూల్స్ ఉండవు. ఏది ఇచ్చారో ఇంటికి బయల్దేరేముందే కనుక్కోవాలి. లేదంటే లేని మాత్ర కోసం వెతకడమో, ఉన్న మాత్ర మానెయ్యడమో జరుగుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: అప్రెపిటెంట్ వాటి పట్టును తగ్గిస్తుంది, చివరి మోతాదు తర్వాత నెల రోజుల దాకా.

మొదటి సైకిల్‌లో నేను చేసిన రెండో తప్పు, వికారం అనిపించినప్పుడల్లా ఒండాన్‌సెట్రాన్ వేసుకోవడం. పాలోనోసెట్రాన్ శరీరంలో సగానికి తగ్గడానికే సుమారు 40 గంటలు పడుతుంది. అది ఉండగా అదే జాతి మాత్ర మళ్లీ వేసుకుంటే కలిసొచ్చేది తక్కువ, పెరిగేది మలబద్ధకం. మూడు రోజులు విరేచనం కాకపోతే ఆ బిగుసుకుపోయిన కడుపే మళ్లీ వికారం పుట్టిస్తుంది, మనం దాన్ని కీమో ఖాతాలో రాసి ఇంకో ఒండాన్‌సెట్రాన్ మింగుతాం. రెండో సైకిల్ నుంచి విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రాత్రి నుంచే మొదలుపెట్టించారు. సగం బాధ అక్కడే తీరింది.

వాంతి వేరు, వికారం వేరు. పాత మందులు వాంతిని బాగానే ఆపుతాయి, వికారం దగ్గర తేలిపోతాయి. వాంతి ఎన్నిసార్లయిందో అందరూ అడుగుతారు. రోజంతా నోట్లో నీళ్లూరుతూ, ముద్ద చూస్తేనే డోకొచ్చే స్థితిని ఎవరూ లెక్క కట్టరు. అందుకే పూటకొకసారి 0 నుంచి 10 మధ్య ఒక అంకె వేసి రాసుకున్నాను. ఆ కాగితం చూశాకే నా చీటీలో ఓలాంజపిన్ చేరింది. 2016లో 380 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. మిగతా మూడు మందులకు దీన్ని కలిపితే 5 రోజులూ వికారమే లేనివాళ్లు 37 శాతం, కలపకపోతే 22 శాతం. ఇది మానసిక జబ్బులకు వాడే మందు కాబట్టి షాపులో కవరు మీద చదివి చాలామంది భయపడతారు. ఇక్కడ దాని పని వేరు, వాడేదీ నాలుగు రాత్రులే. ఇబ్బందల్లా మత్తు. 10 మిల్లీగ్రాములకు మరునాడు మధ్యాహ్నం దాకా తల తేలదు, రాత్రి లేచినప్పుడు తూలిపడే ప్రమాదమూ ఉంది. 5 సరిపోతుందని, 2.5 కూడా 10కి తీసిపోదని తర్వాతి పరిశోధనలు చూపాయి. మత్తు ఎక్కువైతే మందు మానెయ్యకుండా మోతాదు తగ్గించమని అడగాలి. ఇది వాడుతున్నప్పుడు మెటోక్లోప్రమైడ్ కలపకూడదు. రెండూ డోపమైన్‌నే అడ్డుకుంటాయి. కాళ్లు చేతులు కుదురుగా ఉండకపోవడం, దవడ బిగుసుకోవడం లాంటివి రావచ్చు.

ఇంట్లో వేసుకోమని డెక్సా మాత్రలు ఇస్తే పొద్దున్నే, ఏదైనా తిన్నాక వేసుకోవాలి. సాయంత్రం పడితే ఆ రాత్రి నిద్ర ఉండదు. షుగరు ఉన్నవాళ్లకు అంకెలు పెరుగుతాయి, ముందే చెప్పుకోవాలి. ఎక్కిళ్లు కూడా చాలావరకు దీని పుణ్యమే.

ఇంత చేసినా వాంతి తన్నుకొస్తే అదే జాతి మందు ఇంకొకటి వేయడం కంటే వేరే జాతిది కలపడం మేలు, దాన్నీ గడియారం చూసి వేసుకోవాలి, అవసరమైతే చూద్దామని ఆగకూడదు. మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతయి, అందులో మాత్ర చెక్కుచెదరకుండా కనబడితే మళ్లీ వేసుకోవాలా అని వార్డుకు ఫోన్ చేసి అడగాలి. మింగలేని స్థితిలో నాలుక మీద కరిగే రకం ఉంటుంది. తెల్లరక్తకణాలు తగ్గి ఉండే రోజుల్లో మలద్వారం ద్వారా పెట్టే మందులు డాక్టరు చెప్పకుండా వాడకూడదు.

డాక్సోరూబిసిన్ ఎర్రగా ఉంటుంది. రెండో సైకిల్ అయ్యేసరికి ఎర్ర షర్బతు చూసినా నాకు కడుపులో తిప్పేది. మందు ఇంకా ఒంట్లోకి వెళ్లకముందే, స్పిరిట్ వాసనకో వార్డు గుమ్మానికో వచ్చే ఈ వికారానికి మామూలు మందులు పెద్దగా పనిచేయవు, ఎందుకంటే అది జ్ఞాపకం నుంచి పుట్టింది. ముందు రాత్రి, ఆ ఉదయం చిన్న మోతాదు లోరజెపామ్ కొంత నయం. అసలు చికిత్స మాత్రం మొదటి సైకిల్‌లో వాంతి రానివ్వకపోవడమే. అక్కడ తప్పితే ఆ తర్వాతివన్నీ ఎదురీతే. అన్నట్టు, ఈ మందు తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తం అనుకుని కంగారు పడకండి.

తిండి విషయంలో పనికొచ్చినవి కొన్నే. రెండు మూడు గంటలకోసారి గుప్పెడంత, చల్లారాక, ఎందుకంటే వేడి పదార్థానికి వాసన ఎక్కువ. నీళ్లు భోజనంతో కాకుండా మధ్యలో, గుక్కగుక్కగా. తిన్నాక గంటసేపు పడుకోకుండా కూర్చోవడం. నోరు లోహం రుచి వేస్తే ప్లాస్టిక్ చెంచా. కీమో రోజు బాగా ఇష్టమైన వంటకం తినకూడదు, ఆ వికారం దానికి అంటుకుంటే ఏళ్ల తరబడి ముట్టలేరు. అల్లం మీద పరిశోధనలు అటూ ఇటూ ఉన్నాయి, మందుకు బదులుగా మాత్రం కాదు. వాంతి ఆగాక చెంచాతో 5 మిల్లీలీటర్ల ఓఆర్‌ఎస్, కొన్ని నిమిషాలకోసారి. గ్లాసెత్తి తాగితే మళ్లీ మొదటికొస్తుంది.

24 గంటలపాటు నీళ్లు కూడా నిలవకపోయినా, 8 గంటలు మూత్రం రాకపోయినా, లేస్తే కళ్లు తిరిగినా, వాంతిలో రక్తం కనబడినా ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటితే అర్ధరాత్రయినా సరే. 5 రోజులు దాటినా తగ్గని వికారానికి కీమోనే కారణమనుకుని కూర్చోకూడదు. నొప్పి మాత్రలు, కాల్షియం పెరగడం, పేగు మూసుకుపోవడం, క్యాన్సర్ మెదడుకు పాకడం, ఇవన్నీ చూడాల్సినవే.

పాక్లిటాక్సెల్ మొదలయ్యాక అప్రెపిటెంట్, ఓలాంజపిన్ రెండూ ఆపేశారు. డెక్సా కొనసాగింది, కానీ ఈసారి అలర్జీ రాకుండా. ఇంట్లో మిగిలిన స్ట్రిప్పుల్ని "ఎందుకైనా మంచిది" అని వేసుకోవద్దన్నారు. వేసుకోలేదు. 12 వారాల్లో వాంతి ఒక్కటీ కాలేదు. ఎర్ర షర్బతు మాత్రం ఇప్పటికీ ముట్టను.